ఫ్రీ బస్సు వల్లే పెరిగిందా? కారణం, ఫలితం తేల్చే ఎకనామెట్రిక్స్ నేర్చుకునే దారి

2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం మొదలైంది. రాష్ట్రం లోపల తిరిగే ప్రభుత్వ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి చార్జీ లేదు. ఆ తర్వాతి ఏడాది కర్ణాటకలో పనికి వెళ్ళే ఆడవాళ్ళ శాతం పెరిగిందనుకుందాం. బస్సు వల్లే పెరిగిందా?

వెంటనే అవుననకుండా ఆపే అంకె ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం చేసే పీఎల్ఎఫ్ఎస్ అనే శ్రామిక సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద 15 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో పనిలో ఉన్నవాళ్ళు, పని వెతుక్కుంటున్నవాళ్ళు కలిపి 2017–18లో 23.3 శాతం. 2022–23లో 37.0. 2023–24లో 41.7. బస్సు ఉచితం కాని రాష్ట్రాలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. కాబట్టి కర్ణాటకలో ముందెంత, తర్వాతెంత అని తీసివేసి పథకానికి కట్టబెట్టడం ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టే. పథకం లేకపోతే కర్ణాటక ఎక్కడుండేదో ఎవరూ చూడలేదు, చూడలేరు కూడా. ఆ కనపడని అంకెకి బదులుగా ఎవరిని నిలబెడతారన్నదే ఈ విద్య మొత్తం. పద్ధతుల పేర్లు అరడజను ఉన్నాయి కానీ అన్నీ అడిగేది ఒకే ప్రశ్న: పోలిక ఎవరితో?

బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో ఏ/బీ టెస్టులు (వాడేవాళ్ళని లాటరీ వేసి రెండు గుంపులు చేసి పోల్చే పరీక్షలు) చేసే అనలిస్టులు, ఎంఏ ఎకనామిక్స్ పిల్లలు, స్వచ్ఛంద సంస్థల్లో పథకాల ఫలితాలు కొలిచేవాళ్ళు, వీళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాం. రిగ్రెషన్ అంటే ఏమిటో, స్టాండర్డ్ ఎర్రర్ అంటే ఏమిటో తెలిసి ఉంటే చాలు. వారానికి ఆరేడు గంటలు పెట్టగలిగితే ఆరు నెలల పని. సాఫ్ట్‌వేర్‌కి ఆర్ ఉచితం. ఆఫీసులోనో కాలేజీలోనో లైసెన్స్ ఉంటే స్టాటా కూడా బాగుంటుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ సరిపోతుంది, కావలసిన కాలమ్‌లే చదివించుకుంటే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే ఎన్ఎఫ్‌హెచ్ఎస్, ఐదో విడతలో 7,24,115 మంది ఆడవాళ్ళ రికార్డులున్నాయి. ఫైలు మొత్తం ఒకేసారి తెరిస్తే మెషిన్ అక్కడే కూర్చుంటుంది.

ముందు కాగితం మీద

సాఫ్ట్‌వేర్ తెరవకముందు మూడు వాక్యాలు రాయండి. మార్పు ఎవరికి వచ్చింది, ఏ తేదీన? ఏ ఫలితాన్ని, ఏ ప్రశ్నతో కొలుస్తున్నారు? మార్పు రాకపోతే వీళ్ళు ఎలా ఉండేవారో చెప్పడానికి ఎవరిని చూస్తున్నారు? ఈ మూడూ రాయలేకపోతే ఏ ప్యాకేజీ కాపాడదు.

శక్తికి రాసి చూద్దాం. మొదటి వాక్యంలోనే మెలిక ఉంది. ఉచిత ప్రయాణానికి కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మారతహళ్ళి పీజీలో ఉంటూ ఆధార్‌లో ఒంగోలు అడ్రస్ ఉన్న అమ్మాయి కండక్టర్‌కి డబ్బిచ్చే టికెట్ తీసుకుంటుంది. సర్వే మాత్రం ఆమెని కర్ణాటకలో ఉంటున్న మనిషిగానే రాసుకుంటుంది. ఏసీ వజ్ర బస్సు ఎక్కేవాళ్ళకీ పథకం వర్తించదు. అంటే మీరు కొలవగలిగేది ఉచితంగా ప్రయాణించడం వల్ల ఏమైందని కాదు, పథకం ఉన్న రాష్ట్రంలో ఉండటం వల్ల ఏమైందని. దీన్నే ఇంటెన్షన్ టు ట్రీట్ అంటారు. ప్రయాణించినవాళ్ళ మీద ఉన్న ప్రభావం కంటే ఇది సాధారణంగా చిన్నగా వస్తుంది. రిపోర్టులో ఆ మాట రాయాలి.

ఇక్కడే ఒక ఆశ పుడుతుంది: ఒంగోలు అడ్రస్ వాళ్ళనే పోలికగా పెట్టుకుంటే పోలా, ఊరొకటే, బస్సులొకటే కదా అని. వద్దు. వాళ్ళలో చాలామంది ఉద్యోగం కోసమే ఊరు దాటి వచ్చినవాళ్ళు. పనిలో ఉండటమనే ఫలితమే వాళ్ళని బెంగళూరుకి తెచ్చింది. పైగా పీఎల్ఎఫ్ఎస్‌లో ఆధార్ అడ్రస్ కాలమ్ లేదు.

రెండో వాక్యం ఇంకా సున్నితం. పీఎల్ఎఫ్ఎస్ పనిని రెండు రకాలుగా అడుగుతుంది. యూజువల్ స్టేటస్ గత 365 రోజుల్లోకి చూస్తుంది, కరెంట్ వీక్లీ స్టేటస్ గత 7 రోజుల్లోకి. 2023 ఆగస్టులో ఒకామెని యూజువల్ స్టేటస్ అడిగితే, ఆమె జవాబులో పది నెలలు శక్తికి ముందువే. పైన చెప్పిన 37.0, 41.7 కూడా యూజువల్ స్టేటస్ అంకెలే. ఏడాదికేడాది పోల్చడానికి అవి పనికొస్తాయి. తేదీ పట్టుకుని ముందు, వెనక విడదీయాలంటే వీక్లీ స్టేటస్ వాడాలి. ఇది గమనించకుండా వేసిన లెక్కలో ప్రభావం నెమ్మదిగా పెరుగుతూ పోతున్నట్టు బొమ్మ వస్తుంది. అది పథకం నెమ్మదిగా పనిచేయడం కాదు, ప్రశ్న వెనక్కి చూడటం.

మూడో వాక్యం కోసం తర్వాత చాలా చోటు కావాలి. అక్కడికి వెళ్ళేముందు రిగ్రెషన్ సంగతి ఒకటి చూసుకోవాలి.

రిగ్రెషన్‌లో ఏం పెట్టకూడదు

కంట్రోల్స్, అంటే స్థిరంగా పట్టుకోవడానికి రిగ్రెషన్‌లో చేర్చే అదనపు కాలమ్‌లు, ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిదనే నమ్మకం చాలామందిలో ఉంది. ఇది వదిలించుకోవడానికే మొదటి మూడు వారాలు కేటాయించినా తప్పులేదు. సూత్రం చిన్నదే: మార్పుకి ముందే నిర్ణయమైపోయినవి పెట్టొచ్చు, మార్పు వల్ల కదిలేవి పెట్టకూడదు. వయసు పెట్టండి, 2022 నాటికి ఉన్న చదువు పెట్టండి. ఫ్రీ బస్సు ఆడవాళ్ళ జీతాల మీద ఏం చేసిందో చూస్తూ ఉద్యోగ రకాన్ని కంట్రోల్‌గా పెట్టారా, పప్పులో కాలేసినట్టే. దూరంగా ఉన్న మంచి పనికి వెళ్ళగలగడమే బస్సు చేసే మేలైతే, ఉద్యోగ రకాన్ని స్థిరంగా పట్టుకోవడం ఆ మేలునే లెక్కలోంచి తీసేస్తుంది.

ఇదే తప్పు దొంగదారిన కూడా వస్తుంది. జీతం కాలమ్ ఖాళీగా ఉన్నవాళ్ళని తీసేసి మిగిలిన వాళ్ళ మీద రిగ్రెషన్ వేస్తారు. ఖాళీ ఎవరిది? పనిలో లేనివాళ్ళది. పథకం వల్ల కొత్తగా తక్కువ జీతానికి పనిలో చేరినవాళ్ళుంటే సగటు జీతం తగ్గినట్టు కనిపిస్తుంది, ఎవరి జీతమూ తగ్గకుండానే. కాబట్టి ముందు పనిలో ఉన్నారా లేదా అన్నదే ఫలితంగా చూడండి. జీతం సంగతి ఆ తర్వాత.

జవాబు తెలిసిన లెక్కతో చేయి తిప్పుకోండి

కొత్త పద్ధతిని జవాబు తెలియని డేటా మీద నేర్చుకోవడం కష్టం, వచ్చింది ఒప్పో తప్పో చెప్పేవాళ్ళుండరు. అందుకే రాబర్ట్ లలాండ్ 1986లో వేసిన లెక్క ఇప్పటికీ పాఠంగా నిలిచింది. 1970ల అమెరికాలో నేషనల్ సపోర్టెడ్ వర్క్ అని ఒక శిక్షణ కార్యక్రమం ఉండేది. ఎవరిని చేర్చుకోవాలో లాటరీ వేసి తేల్చారు కాబట్టి అసలు ప్రభావం తెలుసు. లలాండ్ ఏం చేశాడంటే, లాటరీలో రానివాళ్ళని పక్కన పెట్టి వాళ్ళ చోట మామూలు జనాభా సర్వేలోని మనుషుల్ని పెట్టాడు. అప్పుడు మన పద్ధతులు అదే జవాబుకి చేరతాయా అని చూశాడు.

1999లో దెహేజియా, వాబా వాడిన చిన్న శాంపిల్ దొరకడం తేలిక, ఆర్‌లో రెండు మూడు ప్యాకేజీలతోనే వస్తుంది. అందులో శిక్షణ పొందినవాళ్ళు 185, లాటరీలో రానివాళ్ళు 260. 1978 సగటు ఆదాయం మొదటివాళ్ళది 6,349 డాలర్లు, రెండోవాళ్ళది 4,555. తేడా 1,794. ఇది అసలు జవాబు. ఇప్పుడు 260 మందిని తీసేసి సీపీఎస్ అనే సర్వేలోని 15,992 మందిని పోలికగా పెట్టండి. వాళ్ళ సగటు 14,847. తేడా మైనస్ 8,498. శిక్షణ మనుషుల్ని ముంచేసిందని అర్థం వచ్చే అంకె!

ఇక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా రండి. వయసు, చదువు, జాతి, పెళ్ళి కలిపితే తేడా తగ్గుతుంది కానీ మైనస్‌లోనే ఉంటుంది. 1974, 1975 ఆదాయాలు కలిపాకే ప్లస్‌లోకి వస్తుంది. ప్రొపెన్సిటీ స్కోర్ (వివరాల్ని బట్టి ఒక మనిషికి శిక్షణ దక్కే అవకాశం ఎంతో చెప్పే అంకె) వేసి, 0.1 కంటే తక్కువ, 0.9 కంటే ఎక్కువ వచ్చినవాళ్ళని తీసేసి మళ్ళీ అదే రిగ్రెషన్ వేస్తే అసలు జవాబుకి ఇంకా దగ్గరవుతుంది. స్కోర్ హిస్టోగ్రామ్ తప్పక గీయండి. 15,992 మందిలో చాలామంది సున్నా దగ్గరే కుప్పగా పడి ఉంటారు. వాళ్ళకీ శిక్షణ పొందినవాళ్ళకీ పోలికే లేదని ఆ బొమ్మ చెబుతుంది. ఇలా పోలికలున్న మనుషుల్ని జతచేసే మ్యాచింగ్ పద్ధతుల్లో ఇంతకు మించి లోతుకి మొదటి ఆరు నెలల్లో వెళ్ళనక్కర్లేదని మా అభిప్రాయం. గమనించాల్సింది ఒకటే: దారి మార్చింది ఖరీదైన పద్ధతి కాదు, మార్పుకి ముందటి ఆదాయమనే కాలమ్.

తేడాల తేడా

డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్, అంటే మార్పు వచ్చినచోట ముందు వెనకల తేడాలోంచి రానిచోటి తేడాని తీసివేయడం, అందరూ మొదట వాడేది, అందరూ ఎక్కువగా పాడుచేసేది కూడా. దీనికి రెండు నెలలు ఇవ్వండి.

మొదట కార్డ్, క్రూగర్ 1994లో ప్రచురించిన కనీస వేతనం లెక్కని మీ చేత్తో వేయండి. డేటా డేవిడ్ కార్డ్ యూనివర్సిటీ పేజీలో ఉచితంగా ఉంది. 1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీలో గంటకి కనీస వేతనం 4.25 డాలర్ల నుంచి 5.05కి పెరిగింది. పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. రెండు చోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ షాపుల్ని పెంపుకి ముందొకసారి, తర్వాతొకసారి సర్వే చేశారు. షాపుకి సగటు సిబ్బంది న్యూజెర్సీలో 20.44 నుంచి 21.03కి వెళ్ళింది, పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కి దిగింది. తేడాల తేడా 2.76, స్టాండర్డ్ ఎర్రర్ 1.36. చేత్తో తీసివేస్తే 2.75 వస్తుంది. దశాంశాల సర్దుబాటే, కంగారు పడకండి. కానీ 2 దగ్గరో 5 దగ్గరో వస్తే మాత్రం సిబ్బందిని తప్పుగా కూడారన్నమాట. పార్ట్‌టైమ్ వాళ్ళని సగంగా లెక్కించాలి, మేనేజర్లని ఫుల్‌టైమ్‌లో కలపాలి.

అంకె సరిపోయాక ఒక్క నిమిషం ఆగి చూడండి. 2.76లో 2.16 పెన్సిల్వేనియా పడిపోవడం వల్ల వచ్చిందే, న్యూజెర్సీ పెరిగింది 0.59 మాత్రమే. ఫలితం మొత్తం పోలిక రాష్ట్రం భుజాల మీద ఉంది. పెన్సిల్వేనియాకి వేరే ఏదైనా దెబ్బ తగిలి ఉంటే లెక్క మారిపోతుంది. ఏ తేడాల తేడా చూసినా ముందు ఈ విడదీత చేసే అలవాటు చేసుకోండి.

ఇప్పుడు మన శక్తికి వద్దాం. పోలిక ఎవరు? మనవాళ్ళకి మొదట తట్టేది తమిళనాడు, తెలంగాణ, ఆంధ్ర. తేదీలు చూడండి. తమిళనాడులో టౌన్ బస్సులు 2021 మేలోనే ఆడవాళ్ళకి ఉచితమయ్యాయి. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న, ఆంధ్రలో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న మొదలయ్యాయి. నలుగురూ వేర్వేరు సమయాల్లో అదే పని చేశారు. రాష్ట్రానికో డమ్మీ (అవును అయితే 1, కాకపోతే 0 అనే కాలమ్), త్రైమాసికానికో డమ్మీ పెట్టి, పథకం మొదలయ్యాక 1 అని ఒక వేరియబుల్ పెట్టి రిగ్రెషన్ వేయడం పాత అలవాటు. టూ వే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ అంటారు. అందులో ఏం జరుగుతుందో 2021లో గుడ్‌మన్ బేకన్ విప్పి చూపించాడు: ఇప్పటికే పథకం ఉన్న తమిళనాడుని కూడా కర్ణాటకకి పోలికగా ఆ రిగ్రెషన్ వాడేసుకుంటుంది. తమిళనాడులో ప్రభావం ఇంకా పెరుగుతూ ఉంటే, ఆ పెరుగుదల కర్ణాటక ఫలితంలోంచి తీసివేతకి గురవుతుంది. అన్ని చోట్లా మేలు జరిగినా మైనస్ అంకె రావచ్చు.

మందు ఏమిటంటే, పథకం ఇంకా రానివాళ్ళనే పోలికగా పెట్టడం. కాలవే, శాంట్ అన్నా 2021లో ఇచ్చిన పద్ధతి ఆర్‌లో డిడ్ అనే ప్యాకేజీలో, స్టాటాలో సీఎస్‌డిడ్‌గా ఉంది. సన్, అబ్రహాం పద్ధతి ఆర్‌లో ఫిక్సెస్ట్ ప్యాకేజీలోని సునాబ్‌తో ఒక్క లైనులో అయిపోతుంది. ప్యాకేజీని నమ్మి వదిలేయకుండా కర్ణాటకకి చేత్తో లెక్కేయండి. తెలంగాణ శుభ్రమైన పోలికగా ఉండేది 2023 జులై–సెప్టెంబర్ త్రైమాసికం ఒక్కటే, ఎందుకంటే ఆ తర్వాతి త్రైమాసికంలో డిసెంబర్ 9 పడింది. ఆంధ్ర ఇంకా చాలాకాలం పోలికగా ఉండాలి కదా? ఉండేదే, కానీ 2025 జనవరి నుంచి పీఎల్ఎఫ్ఎస్ శాంపిల్ పద్ధతే మార్చేశారు. అందుకని 2024 డిసెంబర్‌తో ఆపేయాలి. అంటే 6 త్రైమాసికాలు. 2023 ఏప్రిల్–జూన్‌ని తీసేయండి. అందులో పథకం ఉన్నది చివరి 20 రోజులే. అది ముందూ కాదు, తర్వాతా కాదు.

ఇంకో పెద్ద చిక్కుంది, దీనికి ఏ ప్యాకేజీ లేదు. 2023 ఆగస్టు 30న కర్ణాటకలో గృహలక్ష్మి మొదలైంది, ఇంటి యజమానురాలికి నెలకి 2,000 రూపాయలు. శక్తి వచ్చిన రెండున్నర నెలలకే. బస్సు పనికి వెళ్ళమని తోస్తే, చేతికొచ్చిన డబ్బు పని మానేయనిచ్చేదీ కావచ్చు, కుట్టు మెషిన్ కొనిచ్చేదీ కావచ్చు. 2024 అంకెల్లో రెండూ కలిసిపోయి ఉంటాయి. కొంతవరకు విడదీసే దారి: గృహలక్ష్మి పెళ్ళికాని ఇరవై ఏళ్ళ అమ్మాయికి నేరుగా రాదు, ఇంటి యజమానురాలికి వస్తుంది. శక్తి ఇద్దరికీ వస్తుంది. యజమానురాళ్ళని, వాళ్ళ ఇంట్లోని మిగతా ఆడవాళ్ళని వేరువేరుగా వేసి చూడండి. ఇల్లొకటే కాబట్టి పూర్తిగా విడిపోవు, ఆ మాట రాసేయండి. మగవాళ్ళని మూడో తేడాగా వాడితే, అంటే ఆడవాళ్ళ అంకెలోంచి మగవాళ్ళ అంకెని కూడా తీసివేస్తే, రాష్ట్రం మొత్తాన్ని కదిపిన మార్పులు పోతాయి. ఆడవాళ్ళకే వచ్చిన గృహలక్ష్మి మాత్రం పోదు.

పథకానికి ముందు రెండు చోట్లా దారులు సమాంతరంగా ఉన్నాయా అని, ఒక్కో త్రైమాసికంలో తేడాని ఒక్కో చుక్కగా పెట్టి ఈవెంట్ స్టడీ బొమ్మ గీస్తారు. గీయండి, కనీసం 8 త్రైమాసికాలు వెనక్కి. కానీ ముందటి చుక్కలన్నీ సున్నాకి దగ్గరున్నాయని పండగ చేసుకోకండి. చుక్కల చుట్టూ అనిశ్చితిని చూపే గీతలు ఇటు నాలుగు శాతం, అటు నాలుగు శాతం సాగి ఉంటే, ఆ సున్నాలో ఏదైనా దాక్కోగలదు. 2020, 2021 కొవిడ్ నెలలు ఒక్కో రాష్ట్రాన్ని ఒక్కోలా కొట్టాయి. అందుకని ముందటి కాలాన్ని కొవిడ్ నెలలతో ఒకసారి, లేకుండా ఒకసారి వేసి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టండి.

బెంగళూరులో మెట్రో వచ్చాక ఇళ్ళ అద్దెలు పెరిగాయా అన్నది ఇదే కోవలో మంచి అభ్యాసం. పర్పుల్ లైన్‌లో బైయప్పనహళ్ళి, కేఆర్ పురం మధ్య ముక్క 2023 అక్టోబర్ 9న తెరిచాకే వైట్‌ఫీల్డ్ నుంచి సిటీలోకి ఒకే రైలు వచ్చింది. తేదీ అక్టోబర్ 9 అని పెడితే మాత్రం దొరికిపోతారు. పిల్లర్లు లేస్తున్నప్పుడే రేటు పెంచని ఇంటి ఓనరు ఎక్కడున్నాడు? ప్రభావం తేదీకి ముందే మొదలైతే, ముందు అని మీరనుకున్నది ముందు కాదు.

డేటా తెచ్చుకున్నాక మొదటి పని

పీఎల్ఎఫ్ఎస్ యూనిట్ డేటా, అంటే ఒక్కో మనిషి రికార్డు, కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఉచితం. పాత సంవత్సరాలవి ఎక్కువగా టెక్స్ట్ ఫైళ్ళు. ఏ కాలమ్ ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా అన్నది వేరే ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. ఒక్క అక్షరం జరిగితే మొదటికే మోసం, వయసు చోట ఇంటి నంబరు ముక్క వచ్చి కూర్చుంటుంది. రాష్ట్రాల కోడ్‌లు ఆంధ్ర 28, కర్ణాటక 29, తమిళనాడు 33, తెలంగాణ 36. వెయిట్లు (శాంపిల్‌లోని ఒక్కో మనిషి జనాభాలో ఎంతమందికి సమానమో చెప్పే అంకెలు) దశాంశం లేకుండా ఇస్తారు, రీడ్‌మీలో చెప్పిన ప్రకారం భాగించాలి. ఎన్ఎఫ్‌హెచ్ఎస్ వెయిట్‌ని 10 లక్షలతో భాగించాలి.

తెచ్చుకున్నది సరిగ్గా చదివారో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటే: ప్రభుత్వం అచ్చువేసిన అంకె మీకూ రావాలి. 2022–23లో ఆడవాళ్ళ 37.0, 2023–24లో 41.7 వచ్చేదాకా ఒక్క రిగ్రెషన్ కూడా వేయకండి. 37.0 బదులు 33 వస్తే చిన్న పిల్లలు కలిసిపోయారేమో, వెయిట్ మరిచిపోయారేమో, నగరాల్లో మళ్ళీ మళ్ళీ వెళ్ళిన ఇళ్ళని రెండుసార్లు లెక్కేశారేమో చూసుకోండి.

మన రెండు రాష్ట్రాల మీద జిల్లా స్థాయిలో పనిచేసేవాళ్ళకి ఇంకో గండం. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రలో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పేరుని బట్టి కలిపితే పాత వరంగల్, కొత్త వరంగల్ ఒకటే అనుకుని సాఫ్ట్‌వేర్ నోరు మూసుకుని కలిపేస్తుంది. ఎర్రర్ రాదు, అదే ప్రమాదం. మండలాల జాబితా పట్టుకుని కొత్త జిల్లాలని పాత జిల్లాల్లోకి కూడగట్టి, పాత హద్దుల మీదే పనిచేయండి. మండలం స్థాయి సమాచారం లేని డేటా అయితే, హద్దులు మారిన జిల్లాలన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేయడం తప్ప దారిలేదు.

స్టాండర్డ్ ఎర్రర్ దగ్గర మోసపోవద్దు

శాంపిల్‌లో లక్ష మంది ఉన్నారని గర్వపడితే, పథకం వచ్చింది లక్ష మందికి విడివిడిగా కాదు, రాష్ట్రానికి ఒకేసారి. మార్పు ఏ స్థాయిలో నిర్ణయమైందో ఆ స్థాయిలోనే క్లస్టర్ చేయాలి, అంటే ఒకే రాష్ట్రం వాళ్ళందరినీ ఒక గుంపుగా చూసి స్టాండర్డ్ ఎర్రర్ కట్టాలి. 2004లో బెర్‌ట్రాండ్, డఫ్లో, ముల్లైనాథన్ అమెరికా ఆడవాళ్ళ జీతాల డేటాలో లేని చట్టాలని ఉన్నట్టు సృష్టించి తేడాల తేడా వేశారు. క్లస్టర్ చేయకపోతే 5 శాతం సార్లు రావలసిన తప్పుడు ఫలితం 45 శాతం దాకా వచ్చింది. లేని చట్టానికి!

మనకి రాష్ట్రాలు నాలుగైదే. జిల్లాల వారీగా క్లస్టర్ చేస్తే కర్ణాటకలోనే 31 వస్తాయి కదా అని కొందరు సర్దుకుంటారు. సర్దుకోవడమే అది, పరిష్కారం కాదు. ఇలాంటప్పుడు ప్లాసిబో, అంటే ఉత్తుత్తి పథకం లెక్క మేలు. పథకం లేని ఒక్కో రాష్ట్రానికీ 2023 జూన్‌లో పథకం వచ్చినట్టు నటించి అదే లెక్క వేయండి. కర్ణాటక అంకె ఆ అంకెల గుంపులో ఎక్కడ నిలబడిందో చూడండి. మొత్తం 20 రాష్ట్రాలుంటే, కర్ణాటక అందరికంటే పైనున్నా పి వాల్యూ (యాదృచ్ఛికంగానే అంత అంకె వచ్చే అవకాశం) 0.05 కంటే తగ్గదు. మీ డేటా చెప్పగలిగింది అంతే, ఫలితం గట్టిదని చూపడానికి అంకె పక్కన పెట్టే మూడు నక్షత్ర గుర్తులు పెట్టుకోకండి. మార్పు ఒక్క రాష్ట్రానికే వచ్చి, చాలా ఏళ్ళ డేటా ఉంటే సింథటిక్ కంట్రోల్, అంటే వేరే రాష్ట్రాల్ని తగిన పాళ్ళలో కలిపి తయారుచేసిన పోలిక, వాడొచ్చు. దాని ప్లాసిబో కూడా ఇలాగే ఉంటుంది.

లాటరీ, ఇన్‌స్ట్రుమెంట్

ఏ/బీ టెస్టులు చేసేవాళ్ళకి లాటరీ ప్రయోగాలు కొత్త కాదు. కొత్తది, లాటరీ తగిలినవాళ్ళందరూ మందు మింగరన్న సంగతి. దీనికి మన గడ్డ మీదే గొప్ప ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుల మీద ఇవ్వడాన్ని 157 మండలాల్లో లాటరీ వేసి పరీక్షించారు. ఆ మండలాల జనాభా దాదాపు 1 కోటి 90 లక్షలు. మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ 2016లో ఫలితాలు ప్రచురించారు. కార్డులు ఇవ్వాల్సిన మండలాల్లో కూడా కార్డు మీద జరిగిన చెల్లింపులు దాదాపు సగమే.

ఇలాంటి చోట లాటరీని ఇన్‌స్ట్రుమెంట్‌గా, అంటే కార్డు వాడకాన్ని బయటి నుంచి కదిపే మీటగా వాడి, మండలం స్థాయి తేడాని కార్డు వాడకంలోని తేడాతో భాగిస్తారు. ఊహకి, తేడా 10 రూపాయలు, వాడకం 0.5 అయితే జవాబు 20. భాగహారం సులువే, షరతు కఠినం: లాటరీ కార్డు ద్వారా తప్ప వేరే దారిలో కూలీని తాకకూడదు. కానీ కార్డుతో పాటు ఊళ్ళోనే డబ్బు పంచే మనిషి వచ్చాడు. అతని వల్ల కార్డు లేనివాళ్ళ చెల్లింపులూ మారి ఉండొచ్చు. అప్పుడు 20 అన్నది ఎవరి ప్రభావమూ కాదు. అలాంటి అనుమానం ఉన్నచోట భాగించకుండా 10 దగ్గరే ఆగడం నిజాయితీ.

లాటరీ లేనప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ వెతకడం మొదలుపెడతారు, అక్కడే ఎక్కువ అబద్ధాలు పుడతాయి. వర్షపాతాన్ని అన్నిటికీ ఇన్‌స్ట్రుమెంట్ చేసేయడం మన దగ్గర పాత రోగం. వాన పంటని మారుస్తుంది, రోడ్డుని మారుస్తుంది, జ్వరాలని మారుస్తుంది. ఏ దారిలో వచ్చిందని చెబుతారు? ఇన్‌స్ట్రుమెంట్ ఎంత గట్టిగా కదుపుతోందో చెప్పే మొదటి దశ ఎఫ్ విలువ 10 దాటితే చాలన్న నియమం స్టైగర్, స్టాక్ 1997 నాటిది. 2022లో లీ, ఆయన సహచరులు చూపించినదాని ప్రకారం, మామూలు టీ టెస్టుని 5 శాతం దగ్గర నమ్మాలంటే ఆ ఎఫ్ 104.7 ఉండాలి. అంత రాకపోతే, ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమైనా నమ్మదగిన ఆండర్సన్ రూబిన్ ఇంటర్వెల్ ఇవ్వండి. అది వెడల్పుగా వస్తుంది, వెడల్పుగా రావడమే దాని విలువ.

గీత దగ్గర పోలిక

ఒక హద్దు అంకెకి కాస్త పైనున్నవాళ్ళని, కాస్త కిందున్నవాళ్ళని పోల్చే పద్ధతి రిగ్రెషన్ డిస్‌కంటిన్యుయిటీ. ఆ హద్దే గీత. దీనికి భారతదేశంలో బాగా చదవాల్సింది గ్రామీణ సడక్ యోజన. 2000 డిసెంబర్‌లో మొదలైన ఈ పథకంలో 1,000 జనాభా దాటిన ఊళ్ళకి ముందు, 500 దాటినవాటికి తర్వాత రోడ్డు అన్నారు. 2020లో ఆషర్, నోవోసాడ్ ఈ గీతల దగ్గరున్న ఊళ్ళని పోల్చి, రోడ్డు వల్ల సేద్యం పెద్దగా మారలేదనీ, సేద్యం వదిలి వేరే పనులకి వెళ్ళడం పెరిగిందనీ తేల్చారు. వాళ్ళ డేటా ష్రగ్ అనే పేరుతో ఉచితంగా దొరుకుతుంది. గీత దాటిన ప్రతి ఊరికీ రోడ్డు రాలేదు కాబట్టి ఇది ఫజీ రకం, అంటే పైన చెప్పిన భాగహారమే ఇక్కడా.

బొమ్మ ముందు గీయండి, అంకె తర్వాత. గీతకి అటూ ఇటూ సరళరేఖ లేదా రెండో డిగ్రీ దాకానే వెళ్ళండి. నాలుగు, ఐదు డిగ్రీల వంపులు చివర్లో విదిలించుకుని లేని గెంతుని చూపిస్తాయని గెల్‌మన్, ఇంబెన్స్ 2019లో గట్టిగానే చెప్పారు. ఆర్‌డీరోబస్ట్ ప్యాకేజీ బ్యాండ్‌విడ్త్‌ని, అంటే గీతకి అటూ ఇటూ ఎంత దూరం దాకా చూడాలన్నదాన్ని, తనే ఎంచుకుంటుంది. దాన్ని సగానికి తగ్గించి, రెట్టింపు చేసి మళ్ళీ వేసి చూడండి. ఫలితం ఒక్క బ్యాండ్‌విడ్త్‌లోనే బతికితే అది ఫలితం కాదు.

అన్నిటికంటే ముందు, గీత దగ్గర ఎవరైనా చేయి పెట్టారా అని చూడాలి. పరీక్షలో పాస్ మార్కు 35 అనుకోండి. 33, 34 వచ్చిన పేపరుని మళ్ళీ తిరగేసి ఒకటో రెండో కలిపే అలవాటు ఉన్నచోట హిస్టోగ్రామ్‌లో 34 దగ్గర గుంత, 35 దగ్గర గుట్ట కనిపిస్తాయి. గుట్ట మీదున్నవాళ్ళు ఎవరో ఒకరు దయచూపినవాళ్ళు, గుంతలో మిగిలినవాళ్ళు ఎవరూ పట్టించుకోనివాళ్ళు. వాళ్ళిద్దరూ సమానం కాదు. ఆర్‌డీడెన్సిటీ ప్యాకేజీ ఈ పరీక్ష చేస్తుంది, కానీ మార్కులు, జనాభా లాంటి పూర్ణాంకాల మీద ఒక్కో అంకెకి ఒక్కో కడ్డీ గీసి కళ్ళతో చూడటమే ముందు. మార్కులు 5, 10 గుణిజాల దగ్గర కూడా గుట్టలు కడతాయి. 35 దగ్గరున్న గుట్ట 40, 45 దగ్గరున్న వాటికంటే పెద్దదా అని పోల్చాకే కుట్ర అనాలి.

చేయి పెట్టినట్టు తేలితే 33 నుంచి 36 దాకా ఉన్నవాళ్ళని తీసేసి డోనట్ లెక్క వేస్తారు. తీసేసినకొద్దీ మిగిలిన రేఖని గాల్లో పొడిగించి 35 దగ్గర అంకె చదువుతున్నట్టే. ఒక మార్కు తీసినప్పుడు, రెండు తీసినప్పుడు, మూడు తీసినప్పుడు అంకె ఎంత కదిలిందో ఒకే పట్టికలో పెట్టండి. కదలిక స్టాండర్డ్ ఎర్రర్ కంటే ఎక్కువుంటే ఆ గీతని వదిలేసి వేరే గీత వెతుక్కోండి.